మామ పోసిన ఆయిల్

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కన ఒక సర్వీసు సెంటర్ ఉంది. మొన్న అక్కడ నా కారు పని అయ్యేదాకా కూర్చుని ఉంటే, లోపల ఎవరో కొత్త ఇంజన్ ఆయిల్ డబ్బా మూత విప్పారు. ఆ వాసనకు ఘాటు ఉండదు. కొంచెం తీపి, కొంచెం కిరసనాయిలు, కొంచెం కొత్త చెప్పుల పెట్టె అప్పుడే తెరిచినట్టు ఉంటుంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి వచ్చి, "మేడమ్, నార్మల్ పోయాల్నా, సింథటిక్ పోయాల్నా? సింథటిక్ అయితే పదివేల కిలోమీటర్ల దాంక మళ్ల మార్చుడు ఉండది" అని అడిగింది. చాలా మామూలు ప్రశ్న. నేను మాత్రం లేచి లోపలికి పోయి, ఆ డబ్బాను పైకెత్తి అడుగు చూశాను. ఇన్నేళ్లయినా ఒళ్లు ఆ సంగతిని మరిచిపోలేదని తెలిసి నాకే దిగ్భ్రమ కలిగింది.

అప్పట్లో మేము నాచారంలో, ఫ్యాక్టరీ ప్రహరీల వెనక ఒక బస్తీలో ఉండేవాళ్లం. పొద్దున బిస్కెట్లు కాలుతున్న కమ్మటి వాసన వచ్చేది, మధ్యాహ్నానికి గాలి తిరిగి కళ్లు మండించే మందుల వాసన వచ్చేది, సాయంత్రం షిఫ్టు సైరన్ మోగగానే సైకిళ్ల గంటలతో గల్లీ అంతా నిండిపోయేది. వానాకాలంలో మోరీలో నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారేవి. ఆ రంగు ఎక్కడి నుంచి వస్తున్నదో అడగాలని మాకు తోచేది కాదు, అందులోనే కాగితం పడవలు వదిలేవాళ్లం. డిసెంబరు వచ్చిందంటే వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి ఇంటి మీద వేలాడదీసేవాళ్లం. అమ్మ గరిజెలు వత్తుతుంటే అంచులు నొక్కే పని నాది. మరిగే నూనె వాసన, మైదాపిండి వాసన, చర్చికి వేసిన కొత్త సున్నం వాసన కలిస్తేనే నాకు క్రిస్మస్.

మా నాన్న దానియేలు జనగామ పక్క పల్లె నుంచి వచ్చి ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. కూడబెట్టిన దానితో పాత డీజిల్ వ్యాను ఒకటి కొని, బస్తీ పిల్లలను మౌలాలి వైపు ఉన్న బడికి చేర్చే పని పెట్టుకున్నాడు. దాన్ని నడిపేవాడు అమ్మ తమ్ముడు యోహాను, మా మేనమామ. పెళ్లి కాని మనిషి, మా ఇంట్లోనే ఉండేవాడు. చర్చిలో డోలక్ వాయించేవాడు, వ్యానులో మాత్రం స్టీరింగ్ మీదే దరువు వేస్తూ పాడేవాడు. రేగుపండ్ల కాలంలో బండి ఆపి అందరికీ తలా పిడికెడు కొనిపెట్టేవాడు. దారిలో పట్టాల దగ్గర గేటు పడి రైలు కోసం ఆగినప్పుడు డబ్బాలు లెక్కపెట్టమని మాకు పందెం పెట్టేవాడు. నా పేరు రూతు అయినా నన్ను ఎప్పుడూ 'రూతమ్మా' అనే పిలిచేవాడు.

నాన్నకు ఆ వ్యాను ఆయిల్ ఒక నిష్ఠ. మన ఎండలకు ఏ చిక్కదనం ఆగుతుంది, చలికాలం పొద్దున ఏది తొందరగా ఇంజన్ పైదాకా ఎక్కుతుంది అని ఫ్యాక్టరీలో యంత్రాలు చూసేవాళ్లను అడిగి అడిగి, చివరికి ట్వంటీ ఫార్టీ అనే రకం మీద నిలబడ్డాడు. ఐదువేల కిలోమీటర్లకు మార్చమని డబ్బా మీద ఉంటే, పిల్లల బండి కదా అని నాలుగువేలకే మార్పించేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక తెల్లచొక్కాతోనే నన్ను వెంటబెట్టుకుని ఉప్పల్‌లో ఒక ఆయిల్ దుకాణానికి పోయేవాడు. ఆ సేటు నాన్నను 'అన్నా' అని పిలిచి స్టూలు వేసేవాడు, నాకు చాక్లెట్ ఇచ్చేవాడు. నాన్న డబ్బాను వెలుతురుకు పట్టి, సీలును గోటితో గీకి, చెవి దగ్గర ఊపి చూసేవాడు. అడుగు మాత్రం ఎప్పుడూ చూసేవాడు కాదు. డబ్బా అడుగు ఎవరు చూస్తారు?

మామ నవ్వేవాడు. "బావా, నువ్వు మా అక్కకన్న గా ఇంజన్‌నే మంచిగ సూస్కుంటున్నవ్" అనేవాడు. నల్లబడ్డంత మాత్రాన ఆయిల్ చెడినట్టు కాదని, ఇంకో వెయ్యి నడుస్తుందని వాదించేవాడు. వాదించినా, నాన్న తెచ్చింది తెచ్చినట్టు మార్పించేవాడు.

ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు అమ్మవి. ఒకదాన్ని కోసి పుదీనా పెట్టేది, ఒకదానిలో కిరసనాయిలు పోసేది, మిగిలినవి పాతసామాన్లవాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకునేది. ఒక డబ్బాను నేను బొమ్మ చేసుకున్నాను. అడుగున కంపాస్ ముల్లుతో రెండు కళ్లు, ఒక ముక్కు, నవ్వే నోరు గీసి, కింద నా పేరు రాశాను. దీర్ఘాలు ఇంకా సరిగా రాని రోజులవి. 'రూతు' అని రాయవలసింది 'రుతూ' అని రాశాను. చీరముక్క చుట్టి దానికి రాజమ్మ అని పేరు పెట్టి చాలా రోజులు పక్కలో పెట్టుకున్నాను. ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి రాజమ్మ లేదు. మిగతా డబ్బాలతో కలిపి అమ్మ వేసేసింది. నేను అన్నం మానేసి ఏడిస్తే మామ ఆ పాతసామాన్లవాడి కోసం గల్లీలన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు.

ఆ తర్వాతి చలికాలంలో ఆయిల్ మార్చే రోజున మా మెకానిక్ ఖాజా భాయ్ చెల్లెలి పెళ్లికి ఊరెళ్లాడు. నాన్న డబ్బా తెచ్చి, అలవాటు ప్రకారం సీలు తన చేతులతోనే తీసి, షిఫ్టుకు పోయాడు. నేను, అమ్మ చర్చిలో ఉన్నాం. మామ ఒక్కడే వాకిట్లో వ్యాను కింద దూరి పాతది దింపి కొత్తది పోశాడు. చూసినవాళ్లు లేరు.

కొన్ని వారాలకే అది జరిగింది. పొద్దున మంచు ఇంకా విడలేదు. గేటు తీసి ఉంది. వ్యాను పట్టాల మీదికి ఎక్కగానే కింద నుంచి ఇనుము నలిగిన చప్పుడు వచ్చింది, బండి ఒక్క కుదుపుతో నిలిచిపోయింది. మామ తాళం తిప్పితే చప్పుడు కూడా లేదు. గేటు మనిషి గదిలో గంట మోగింది. ఆయన ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట పరుగెత్తడం చూశాక గానీ ఏమి రాబోతున్నదో మాకు అర్థం కాలేదు. మామ వెనక తలుపు తెరిచి, ఒక్కొక్కరిని రెక్క పట్టి దించి, సైకిళ్ల మీద పోతున్నవాళ్ల చేతులకు అందించాడు. నా చెప్పు ఒకటి పట్టాల మధ్య పడిపోతే, తెచ్చుకోవడానికి వంగిన నన్ను ఆయన కొట్టినంత పని చేసి లాగాడు. ఎన్నడూ నన్ను గట్టిగా ఒక మాట అనని మనిషి. తర్వాత ఆయన లోపలికెక్కి క్లచ్ తొక్కి పట్టుకుంటే పదిమంది భుజాలు పెట్టి తోశారు. వ్యాను అవతలికి దొర్లిన కాసేపటికే గూడ్సు బండి మా ముందు నుంచి పోయింది. ఆ గాలికి నా గౌను కాళ్లకు కొట్టుకుంది. ఆ రోజు డబ్బాలు ఎవరమూ లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం ఖాజా భాయ్ ఇంజన్ విప్పాడు. లోపల తారులాంటి నల్లటి జిగురు తేలింది. అది వేళ్లతో తీసి చూపించి, కొత్త ఆయిల్ ఇంత తొందరగా ఇట్లా కాదని, ఇది చాలా పాతదై ఉండాలని అన్నాడు. సాయంత్రానికి పిల్లల తల్లిదండ్రులంతా మా వాకిట్లో నిలబడ్డారు. ఇదెట్లా జరిగింది అని అడిగారు. నాన్న ముఖం పాలిపోయింది. ఆయన అందరి ముందు మామ వైపు చూశాడు.

"ఆయిల్ నేను తెచ్చిచ్చిన. ఈడు పొయ్యలే. ఎవనికో అమ్ముకున్నడు."

"పోసిన బావా" అన్నాడు మామ.

ఎవరూ ఆయనను కొట్టలేదు, తిట్టలేదు. అంతకన్నా ఘోరంగా, ఎవరి పిల్లలను వాళ్లు దగ్గరికి తీసుకుని వెళ్లిపోయారు. పట్టాల మీద ఆ పిల్లలను ఒక్కొక్కరిగా దించిన చేతులు ఆయన పక్కన ఊరికే వేలాడుతున్నాయి. తెల్లవారి మామ సంచి సర్దుకుని ఉప్పల్‌లో బస్సెక్కి ఊరికి పోయాడు. అమ్మ ఏడుస్తూనే నాన్నకు అన్నం వడ్డించింది.

క్రిస్మస్ దగ్గరపడింది. అమ్మ ఇల్లు దులుపుతూ మెట్ల కింద మామ వదిలిన ఖాళీ ఆయిల్ డబ్బాను తీసి, కడిగి, ఎండలో బోర్లించింది. నేను బయట ఆడుకుని వచ్చేసరికి ఆ డబ్బా అడుగున రాజమ్మ నవ్వుతోంది. అవే కళ్లు, అదే వంకర ముక్కు, కింద 'రుతూ'. పోయిన బొమ్మ తిరిగి వచ్చిందన్న సంబరంతో దాన్ని ఎత్తుకుని లోపలికి ఉరికాను. నాన్న అన్నం తింటున్నాడు. ముందు నవ్వాడు, ఇప్పుడు గీశావా అని అడిగాడు. అమ్మ దగ్గరికి వచ్చి చూసి, తడి చేతులు కొంగుకు తుడుచుకోవడం కూడా మరిచి నిలబడిపోయింది.

"గిది నేను ఎండకాలంల పాతసామాన్లోనికి ఏసిన డబ్బా" అంది.

నాన్న ముద్ద కంచంలో వదిలేశాడు. సీలు తీసింది ఆయన చేతులే. వెలుతురుకు పట్టి చూసింది ఆయన కళ్లే. మా ఇంటి నుంచి పోయిన ఖాళీ డబ్బా, ఎవరో వడగట్టిన కాలిన ఆయిల్‌తో నిండి, కొత్త సీలు వేసుకుని మళ్లీ మా ఇంటికే వచ్చింది. నాన్న దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇంతకు ముందు తెచ్చినవి కూడా ఇట్లాంటివేనా అన్నాడు, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా. ఆయన అంతగా కుంగిపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ పూటే నన్ను, డబ్బాను తీసుకుని దుకాణానికి పోయాడు. సేటు మామూలుగానే స్టూలు వేశాడు. నాన్న డబ్బా బోర్లించి, నా పేరు మీద వేలు పెట్టి జరిగినదంతా చెప్పాడు. సేటు తడబడతాడని, కాదంటాడని నేను అనుకున్నాను. ఆయన ఆ గీతలను కాసేపు చూసి, మెల్లగా అన్నాడు.

"మీదొక్కటే గాదన్నా. ఖాళీ డబ్బాలు అందరియి వస్తయ్."

ఆ మాట నాకు ఇప్పటికీ అంతే చల్లగా వినిపిస్తుంది. అల్మారాలో వరసగా ఉన్న డబ్బాల వైపు నాన్న చూశాడు. అవి ఏ బండ్లలోకి పోతాయో, ఆ బండ్లలో ఎవరెక్కుతారో తలుచుకున్నాడేమో, నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. తర్వాత ఆఫీసుల్లో ఎవరెవరికో ఆ దుకాణం మీద ఫిర్యాదు చేశాడు. దుకాణం కొన్నాళ్లు మూతపడి, మళ్లీ తెరుచుకుంది.

ఆదివారం నాన్నా నేనూ మామ ఊరికి పోయాం. మామ వరికోతలో ఉన్నాడు. నాన్న గట్టు మీద నిలబడి డబ్బా చూపించి, సంగతి చెప్పి, ఇంటికి రమ్మన్నాడు. మామ బొమ్మను చూసి నా తల నిమిరాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"డబ్బా చెప్తే నమ్మినవ్ బావా. నేను చెప్తే నమ్మలే."

మళ్లీ వంగి కొడవలి అందుకున్నాడు. నాన్న ఇంకొంతసేపు గట్టు మీదే నిలబడి, తర్వాత నన్ను తీసుకుని వెనుదిరిగాడు.

మామ మరి నాచారం రాలేదు. నాన్న వాకిట్లో అన్న మాట మాత్రం ఆయనకన్నా ముందే ఊరు చేరింది. పిల్లల బండి ఆయిల్ అమ్ముకున్నవాడికి స్టీరింగ్ ఎవరిస్తారు? ట్రాక్టరు కూడా ఇవ్వలేదు. కూలి పనులు చేసుకుంటూ బతికాడు. నిజం తెలిశాక కూడా నాన్న బస్తీలో ఇల్లిల్లూ తిరిగి ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. రేపు చెబుతా, క్రిస్మస్ అయ్యాక చెబుతా అని అమ్మతో అనేవాడు. ఈలోగా పిల్లలు వేరే బండ్లు ఎక్కారు, మేము వ్యాను అమ్మేశాం, చెప్పవలసిన అవసరమే లేనట్టు రోజులు గడిచిపోయాయి.

పోయిన వానాకాలంలో మామ చనిపోయాడు. ఒకప్పుడు ఆయన డోలక్ వాయించిన నాచారం చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టాలని అమ్మ పట్టుబట్టింది. పాటలయ్యాక ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని పాస్టరు అడిగితే, ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని నాన్న ముందు బెంచీ పట్టుకుని లేచాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ దినం ఆయిల్ మా బామ్మర్ది పోసిండు" అన్నాడు నాన్న. "పొయ్యలేదని నేను జెప్పింది అబద్ధం. మీ పిల్లల్ని దించింది గూడ ఆయ్నే."

నేను తలతిప్పి బెంచీలన్నీ చూశాను. ఫ్యాక్టరీలు మూతపడి వాటి జాగాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. పట్టాల మీద గేటు పోయి వంతెన వచ్చింది. ఆ సాయంత్రం మా వాకిట్లో నిలబడినవాళ్లు కొందరు కాలం చేశారు, కొందరు ఇళ్లమ్ముకుని ఎటో పోయారు. చర్చి నిండా పోచారంలో కంప్యూటరు ఉద్యోగాలు చేసుకునే కొత్త కుటుంబాలు. వాళ్లు మర్యాదగా, కొంచెం అయోమయంగా నాన్న వైపు చూస్తున్నారు. నా పక్కనున్న అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, ఏ ఆయిల్ ఆంటీ అని అడిగింది.

పాస్టరు ఆమెన్ అన్నాడు. అందరూ అన్నారు. నాన్న మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు, ఎవరైనా లేచి తనను ఏదైనా అడుగుతారేమోనని.