పురుగుమందు తగలని ఆకు

బొంబాయి కామాటిపురా ఆరో గల్లీలో ఒంటిగదుల చాల్‌లో రాజవ్వ ఒక్కచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. తెల్లారితే గిన్నెలు తోమే మోరీ దగ్గర, కాసేపటికి పొయ్యి దగ్గర, ఆ వెంటనే వరండాలో, చూస్తుండగానే కింద కూరగాయల భాజీ బండి దగ్గర. ఆమెను చూస్తే కాలుగాలిన పిల్లి కూడా సిగ్గుపడి ఓ మూల సర్దుకుంటుంది. పెనిమిటి భూమయ్య ఉన్నప్పుడూ ఆమె చలాకీ మనిషే, కాని ఆ చలాకీలో నవ్వుండేది. పందొమ్మిది వందల ఎనభై మూడు వానాకాలంలో భూమయ్య కడుపులో క్యాన్సర్ పుండుతో పెద్దాసుపత్రికి పోయి, మళ్లీ గల్లీ మొహం చూడకుండానే పోయాడు. అప్పట్నుంచి ఆమెకు కాలు నిలవడం మానేసింది.

పాలమూరు నుంచి పెళ్లయిన ఏడాదే వచ్చిందామె. ఇరవై ఏళ్లు మరాఠీ ఆడవాళ్లతో కలిసి ఇటుకలు మోసింది. మోకాళ్లు మొరాయించాక తన ఒంటిగది ఖోలీలోనే పొయ్యి పెట్టి, నాకా కూడలిలో పనికి నిలబడే కూలీలు పదిమందికి రొట్టెలు కొట్టి పెడుతోంది. కూతురు చంద్రమ్మకు ఇరవై ఒకటి. నాగ్‌పాడాలో ఒక కుట్టు కార్ఖానాలో చొక్కాలకు గుండీలు కుడుతుంది. తల్లికి మిగిలింది ఆ ఒక్క పిల్లే.

భూమయ్య పోయిన రోజు రాజవ్వ డాక్టర్ని అడిగింది, ఈ రోగం ఎందుకొచ్చిందని. ఆయన ఉన్నమాటే చెప్పాడు: ఫలానా దానివల్లనే అని చెప్పలేమమ్మా అని. ఆ మాట ఆమె గొంతు దిగలేదు. మనిషిని తీసుకుపోయినదానికి ఒక పేరంటూ ఉండాలి గదా! పేరు లేకపోతే ఎవర్ని తిట్టాలి, దేన్ని ఇంట్లోకి రానివ్వకూడదు? నెల తిరక్కముందే ఆ పేరు దొరికింది. మార్కెట్లో ఒక హమాలీ, గోబీ పువ్వు తెల్లగా ఉండాలంటే దాన్ని పురుగుమందులో ముంచి తీస్తారని చెప్పాడు. అది నిజమో, హమాలీ ఊసుపోక అన్నాడో రాజవ్వ ఆరా తీయలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ రోజు నుంచి గోబీ బంద్. మరో వారానికి వంకాయ బంద్. పాలకూర, మెంతికూర రైలు పట్టాల పక్కన గటరు మురుగునీళ్లతో పండుతాయని ఎవరో అంటే అవీ బంద్. పండ్లకు పొడి చల్లి మాగపెడతారట, అవీ బంద్. ఇక మిగిలిందేమిటి? మరిది యాదయ్య. ఊళ్లో భూమయ్య వాటా చెల్క, ఆ మెట్టపొలం, చేసేది అతనే. ఆరు నెలలకోసారి కూలికి బొంబాయి వస్తూ బస్తాడు జొన్నలు, కందులు, ఎండుమిరపకాయలు మోసుకొచ్చి దాదర్‌లో దిగుతాడు. ఆ చెల్కలో యూరియా పడదు, పురుగుమందు పడదు. ఎండాకాలంలో గొర్రెల మందను నాలుగు రాత్రులు చేలో నిలబెట్టిస్తారు, అదే ఎరువు.

"మా చేన్ల జొన్న నా బిడ్డకు కవచం లెక్క," అనేది రాజవ్వ.

"కవచం మంచిదే గని, భాజీ లేకుంట ఎట్లనే అవ్వా? రోజు రొట్టె, పప్పు, ఉల్లిగడ్డ కారం. నా మొహం జూడు, సున్నమేసినట్టయ్యింది," అనేది చంద్రమ్మ. కార్ఖానాలో మధ్యాహ్నం తోటిపిల్లల డబ్బాల్లోని కూర దొంగచాటుగా తినేది. పసిగట్టిన తల్లి రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ బస్తాతోపాటు ఇంకో చిన్న మూట కూడా వచ్చేది. బావి గట్టున యాదయ్య రెండు సాళ్లు పొగాకు వేస్తాడు. ఆ ఆకును రాజవ్వ పెనం మీద నల్లగా మాడ్చి, నూరి, జల్లెడ పడుతుంది. అదే మిస్రీ. ఇటుకలు మోసిన రోజుల్లో మరాఠీ ఆడవాళ్లు నేర్పిన అలవాటు. చిటికెడు వేలికద్దుకుని పండ్లకు, చిగుళ్లకు రుద్దుకుని కాసేపు దవడలో ఉంచుకుంటే ఆకలి తెలియదు, నడుం నొప్పి తెలియదు. చంద్రమ్మకు పదేళ్లప్పుడు పన్ను పోటొచ్చి ఏడిస్తే, రాజవ్వే తన వేలితో పెట్టింది. పోటు తగ్గింది. అలవాటు ఉండిపోయింది.

భూమయ్య పోయాక బజారు మిస్రీ కూడా బంద్ అయింది. అందులో ఏం కల్తీ చేస్తారో ఎవడికెరుక! ఇంటి ఆకు, ఇంటి పెనం, ఇంటి జల్లెడ. నెలకో సాయంత్రం రాజవ్వ ఆకు మాడిస్తే అంతస్తంతా దగ్గేది. దగ్గినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కారు, ఎందుకంటే మర్నాడు ప్రతి ఖోలీకీ ఒక చిన్న రేకు డబ్బా అందేది. పైసా పుచ్చుకునేది కాదు. "పురుగుమందు సుక్క పడలే. కండ్లు మూసుకొని రుద్దుకోండ్రి," అని పంచేది. నలుగురికి మంచి చేసినప్పుడు మనిషికి ఒక గర్వం వస్తుంది చూడండి, ఆ గర్వం ఆ ఒక్కరోజు ఆమె ముఖంలో కనిపించేది.

ఎనభై అయిదు దసరా నుంచి రాజవ్వకు కారం తగిలితే నోరు మండడం మొదలైంది. ఊరి మిరపకాయలు అయిపోయాక కొన్న కిరాణా కారంలో రంగు కలిపారంది. యాదయ్య మళ్లీ తెచ్చిన మిరపకాయలు దంచింది. అయినా మండింది. ఉప్పు మీద అనుమానపడి రాళ్లుప్పు తెచ్చింది. చివరికి రొట్టెను మజ్జిగలో నానేసుకుని తినసాగింది. పక్క ఖోలీ లక్ష్మవ్వ నవ్వింది. "ఇగ నీళ్లు గూడ ఊర్నుంచే తెప్పిచ్చుకో అక్కా, యాదన్న కుండ నెత్తినెత్తుకొని రైలెక్కుతడు."

సంక్రాంతి పోయిన పది రోజులకు చాల్ వాకిట్లో బల్ల, రెండు కుర్చీలు వేసుకుని నోటి క్యాన్సర్ పరీక్షలవాళ్లు వచ్చారు. ఒక నర్సుబాయి, చేతిలో టార్చి, చెక్కపుల్లలు. రాజవ్వ కూతుర్ని వెంటబెట్టుకుని దిగింది. చూపించుకోవడానికి కాదు, చెప్పడానికి. గోబీ సంగతి, గటరు పాలకూర సంగతి, తన చెల్క సంగతి ఏకరువు పెట్టింది. నర్సుబాయి ఓపికగా వింటూనే చంద్రమ్మ కింది పెదవిని మెల్లగా కిందికి లాగి టార్చి వేసింది. వేసిన టార్చి తీయలేదు.

"ఇక్కడ ఏం పెడతావు?" అని మరాఠీలో అడిగింది.

"మిస్రీ," అంది చంద్రమ్మ.

"ఎన్నేళ్లుగా?"

రాజవ్వే జవాబిచ్చింది. "పదేండ్లప్పటి సంది. గని బాయీ, అది బజారుది గాదు. మా ఆకు. మందు లేదు, మాయ లేదు. నేనే జేస్త."

నర్సుబాయి టార్చి ఆర్పింది. "అమ్మా, పురుగుమందు కొట్టిన కూరతో ఈ రోగం వస్తుందా రాదా అన్నది మాకే ఇంకా గట్టిగా తెలియదు. బాగా కడిగి తినండి, అంతే. కూరలు మానేస్తే నష్టం మీకే, ఈ పిల్ల ఒంట్లో రక్తం లేదు. పొగాకు సంగతి మాత్రం మాకు తెలుసు. అది ఎవరి చేలో పండినా పొగాకే. లోపల తెల్లమచ్చ ఉంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మీరూ కూర్చోండి, చూస్తాను."

"పొయ్యి మీద పప్పుంది," అని రాజవ్వ మెట్లెక్కేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

పెద్దాసుపత్రిలో చంద్రమ్మ పెదవి లోపల చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఎనిమిది రోజుల తర్వాత రమ్మన్నారు.

ఆ ఎనిమిది రోజులూ ఆ తల్లి పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. రొట్టెలు మాడ్చింది. ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తే కూలీలు నోరెత్తకుండా తిని లేచిపోయారు. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా నడిచి, ఎందుకొచ్చిందో తెలియక వెనక్కి వచ్చేది. మనసు మాత్రం ఒక్కచోటే గింగిరాలు కొట్టేది. గోబీని ఆపాను, వంకాయను ఆపాను, నా వేలిని ఆపలేకపోయానా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగను తానే నూరి, జల్లెడపట్టి, బిడ్డ నోట్లో పెట్టింది. ఎవర్ని తిట్టాలి ఇప్పుడు? మళ్లీ మనసే ఎదురు తిరిగేది. మా అవ్వ రుద్దలేదా, ఎనభై ఏళ్లు బతకలేదా, నర్సుబాయికి మన ఆకు సంగతేం తెలుసు? అలా అనుకున్న మరుక్షణమే వేలు అలవాటుగా డబ్బా మూత మీదికి పోయేది. సిగ్గేసి లాక్కునేది, మరో గంటకు మళ్లీ పోయేది.

చంద్రమ్మ మాత్రం మొదటిరోజే మానేసింది. తలనొప్పితో, విసుగుతో గోడకు తిరిగి పడుకునేది, కాని ముట్టలేదు. నాలుగోరోజు సంచీ నిండా మెంతికూర తెచ్చి తల్లి ముందు కుమ్మరించింది. రాజవ్వ కట్టలు విప్పి, ఆకులు గిల్లి, మూడు నీళ్లలో కడిగి వండింది. బిడ్డ తింటుంటే గుమ్మం పట్టుకుని చూసింది.

తొమ్మిదోనాడు డాక్టర్ కాగితం చూసి చెప్పాడు. "రోగం ఇంకా రాలేదు. అయితే ఈ మచ్చ మంచిది కాదు. మిస్రీ పూర్తిగా మానెయ్యాలి, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. మానకపోతే అటే పోతుంది."

రాజవ్వ డాక్టర్‌కు రెండుసార్లు దండం పెట్టింది. సంతోషమే అది. బస్సులో బిడ్డ చెయ్యి వదల్లేదు. కామాటిపురాలో దిగేసరికి ఆ సంతోషం వెనకనుంచి ఇంకో ఆలోచన వచ్చి పట్టుకుంది. తాను పంచిన డబ్బాలు!

చంద్రమ్మ సగం పూటకు కార్ఖానాకు పోయింది. రాజవ్వ ముందు తన డబ్బాను, అటక మీది ఆకు మూటను మోరీలో పోసి, బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించింది. తర్వాత కొంగు నడుంలో దోపి వరండా పట్టుకుంది. మొదటి తలుపు దగ్గర "డబ్బా ఇటియ్యి, కడిగిస్త," అని అబద్ధమాడింది. రెండో ఇంట్లో ముసలామె, ఇచ్చింది మళ్లీ అడుగుతారా అని శాపనార్థాలు పెట్టింది. మూడో ఇంట్లో ఇంకా రెండు చిటికెలున్నాయి, అయిపోనివ్వమన్నారు. రాజవ్వ డబ్బా లాక్కున్నంత పని చేసింది. సాయంత్రానికి ఒడి నిండా రేకు డబ్బాలు. మిగిలింది లక్ష్మవ్వ తలుపు.

"గిదేందక్కా! మన చేన్ల ఆకే గద? మందు సుక్క పడలేదని నువ్వే జెప్తివి."

"జెప్పిన." రాజవ్వ జారిపోతున్న ఒడిని పైకి లాక్కుంది. "మందు పడలేదన్నది అబద్ధం గాదు లక్ష్మీ. గని రోగం ఆకులనే ఉన్నదంట. నాకు తెల్వకపాయె. మీకందరికి పంచిన. నా బిడ్డకు గూడ నా ఏలితోనే పెట్టిన."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక చాలా ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. లక్ష్మవ్వ లోపలికి పోయి డబ్బా తెచ్చి ఒళ్లో వేసింది. వేసి, అక్కడే నిలబడి అడిగింది.

"మరి నీ నోరెవరు జూసిండ్రక్కా?"

"పొయ్యి మీద పప్పు..." అంటూ రాజవ్వ గిరుక్కున తిరిగింది.

వెనక చంద్రమ్మ నిలబడి ఉంది, అప్పుడే పనిలోంచి వచ్చి. "పప్పు లేదు, ఏం లేదు. చల్లటి పొయ్యి జూసే వచ్చిన. అవ్వా, దసరా సంది నీ నోరు మండుతున్నది. కారం అన్నవ్, ఉప్పు అన్నవ్. నాకు తెల్వదనుకున్నవా?"

"ముసలిదాన్ని. నాకేమైతే ఏంది బిడ్డా?"

"నాకు నువ్వొక్కదానివే ఉన్నవ్ గద. బస్. కూసో."

లక్ష్మవ్వ తన గుమ్మంలోని పీట వరండా అంచుకు జరిపింది. అక్కడ ఇంకా వెలుతురుంది. రాజవ్వ ఒళ్లోని డబ్బాలన్నీ నేల మీద పెట్టి పీట మీద కూర్చుంది. కళ్లు మూసుకుని నోరు తెరిచింది. చంద్రమ్మ నర్సుబాయి లాగే తల్లి గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పింది, పెదవి లాగి చూసింది, నాలుక ఎత్తమంది.

చూసినచోటే మళ్లీ చూసింది.

"మచ్చనా?" అంది రాజవ్వ.

"మచ్చ గాదవ్వా. పుండు." చంద్రమ్మ తల్లి పెదవి మెల్లగా వదిలింది. "పొద్దుగాల్నే పోదాం. ఇద్దరం పోదాం."

రాజవ్వ తలూపింది. కూలీలు వచ్చే వేళయింది, పిండి కలపలేదు, నీళ్లు పట్టలేదు. అయినా లేవలేదు. బిడ్డ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఆ పీట మీదే కూర్చుండిపోయింది.