థ్రాటిల్‌ను పాడుచేసింది ఉప్పునీళ్లు కాదు

భావనపాడు చేపల వ్యాపారి కారును అతని డ్రైవరు సముద్రపు నీళ్లలో తిప్పి పాడుచేశాడని పలాసలో నా మెకానిక్ షెడ్డుకు వచ్చేవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, యాక్సిలరేటరుకు కేబులు లేని కార్లు మా వైపు రావడం మొదలైంది. పెడలు ఎంత తొక్కామో కంప్యూటరుకు తెలుస్తుంది. అది చెబితే చిన్న మోటారు థ్రాటిల్‌లోని రేకును తిప్పి ఇంజనుకు గాలి వదులుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు వచ్చింది కార్బురేటరు పనే.

"ఆపినప్పుడల్లా ఇంజను ఒణుకుతంది మావా, ఓపాలి సూడు" అంటూ ఆ డ్రైవరు కారు తెచ్చాడు. మసి పట్టి ఉంటుందనుకున్నాను. తాళం ఆన్‌లోనే ఉంది. పాత అలవాటు కొద్దీ రేకును బొటనవేలితో నొక్కిపట్టి గుడ్డతో తుడిచాను. లోపల టిక్కుమంది. ఆ తర్వాత ఎంత తొక్కినా కారు ఎడ్లబండిలాగే కదిలింది.

యజమాని వచ్చి అడిగితే, "ఉప్పునీళ్లు లోపలికెల్లిపోనాయి బాబూ. ఒడ్డమ్మట తోలీసినాడు కామోసు" అనేశాను. డ్రైవరు నా ముఖం చూశాడు. యజమాని అతని మాట వినకుండానే తాళం లాక్కుని నాకిచ్చి, అతన్ని పనిలోంచి తీసేశాడు.

నెల తర్వాత విశాఖ నుంచి కొత్త థ్రాటిల్ వచ్చింది. నాలుగు బోల్టులు, ఒక ప్లగ్గు, కొత్త గాస్కెట్. అంతే పని. బిగించాక తాళం ఆన్ చేసి, పెడలు ముట్టుకోకుండా కాసేపు ఆగమని, రేకు ఎక్కడ మూసుకుంటుందో కంప్యూటరు నేర్చుకుంటుందని అమ్మినాయన ఫోన్లో చెప్పాడు. "తాళం ఆన్‌లో ఉండగా రేకును చేత్తో మాత్రం తొయ్యకు, మోటారు పట్టి ఉంచుతుంది, లోపల ప్లాస్టిక్ గేరు విరుగుతుంది" అన్నాడు. ఫోన్ పెట్టేసి పాతదాని మూత విప్పాను. గేరు పన్ను విరిగి ఉంది. ఉప్పు జాడే లేదు.

కారు నడుపుకుంటూ నేనే భావనపాడు వెళ్లాను. డ్రైవరు ఇసుకలో కూలికి ఎండుచేపలు తిరగేస్తున్నాడు. అతని ఎదుటే యజమానికి విరిగిన గేరు చూపించి, తప్పు నాదని చెప్పాను. ఆయన నన్ను నాలుగు తిట్టి, తాళం డ్రైవరు చేతిలో పెట్టాడు.

"ఏటి మావా, నీ బొటనేలి దయవల్ల నెల్లాళ్లు సేపల కంపులో బతికినాను" అని అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పలాసలో మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను. మంచి మెకానిక్కునన్న పేరు పోతుందని భయం. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ డ్రైవరుకిప్పుడు సొంత కారుంది. సర్వీసుకు నా దగ్గరికే తెస్తాడు. నేను బానెట్ ఎత్తగానే తాళం తీసి జేబులో వేసుకుంటాడు.

"ఇంక పెట్టు మావా, నీ ఏలు" అంటాడు.