ముందే చెప్పిన సాక్ష్యం

మా అత్త నా మొఖం ఎన్నడూ చూడలేదు. నేను కోడలిగా వచ్చేసరికే ఆమె రెండు కండ్లకూ తెల్లటి పొర కమ్మింది. పెండ్లినాడు నా నెత్తి, ముక్కు, గదుమ చేతులతో తడిమి, "మూతి కొంచెం పొడుగున్నట్టుందే" అన్నది. నిండు పందిట్ల! ఆ మాటకు నాకు ఇప్పటికీ మండుతది.

మాది తర్లగూడ రోడ్డు మీద ఊరు. పక్కనే బార్డర్, దాటితే తెలంగాణ. మా అత్త నన్ను తిట్టేది తెలుగుల, సంతల బేరమాడేది హిందీల, ప్రార్థన మాత్రం తన పుట్టింటి దోర్లీ భాషల. "దేవునికి తెలుగు రాదా అత్తా?" అంటే, "తెలుగుల నిన్ను తిడుతున్న గదనే, మళ్ల అదే మాటతోని ఆయన్నెట్ల పిలవాలె?" అనేది.

దేవుడు మాటిచ్చిండు, కండ్లొస్తయి అని ఆమె ఎప్పుడూ అనుకుంటనే ఉండేది. నేను ఊకునేదాన్ని కాదు. చిన్నప్పటి నుంచి ప్రార్థన మందిరానికి పోయినదాన్నే గాని, నా భక్తి కండ్లకు కనపడ్డంత దూరమే. "దేవుడు కనపడడు, పరలోకంల నీకు కట్టిన ఇల్లు కనపడదు. కనపడనివన్ని నీకే దొరుకుతయి అత్తా" అని ఎత్తిపొడిచేదాన్ని. ఆమె నవ్వేది.

పోయినేడు అడవిల ఇప్పపువ్వు ఏరే పని అయిపోయినంక, బార్డర్ అవతల దవాఖానల ఆపరేషన్‌కు రమ్మన్నరు. డాక్టరు ముందే చెప్పిండు: "పొర తీస్తం. లోపల నరం ఎట్లున్నదో తీసినంకనే తెలుస్తది."

మా మందిరంల, మేలు జరిగినోళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్తరు. తర్వాత ఇంట్ల కృతజ్ఞత కూడిక పెట్టి అందరికి అన్నం పెడతరు. అదీ పద్ధతి. మా అత్త ఆపరేషన్ కాకముందే, దాని ముందటి ఆదివారమే, లేచి నిలబడ్డది.

"దేవుడు నాకు చూపు ఇచ్చిండు. నా కోడలి మొఖం నాకు కనపడ్డది. స్తోత్రం. అందరు మా ఇంటికి భోజనానికి రావాలె."

అందరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. పాస్టరయ్యగారు మెల్లగ, "అమ్మా, అయినంక పెట్టుకుందం" అన్నడు.

"అయినంక ఎవరైనా నమ్ముతరయ్యా. దానికి నేనెందుకు?"

ఇంటికి రాంగనె నేను ఎగిరిన. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ కథ!"

"సోమలింగం ఎందుకే, మంచి బైబిలు పేరు పెట్టుకుందం" అన్నది మా అత్త.

కోళ్లు కోసినం. మందిరపోళ్లే కాదు, మందిరానికి రాని ఇరుగుపొరుగు కూడా వచ్చి తిన్నరు. నేను కస్సుబుస్సుమనుకుంటనే వడ్డించిన. రేపు కండ్లు రాకపోతే నలుగురు నవ్వుతరని భయం. అంతకంటె పెద్ద భయం ఇంకొకటి. ఆ నమ్మకం గనక పగిలిందంటె, ఈ ముసలి ప్రాణం దేన్ని పట్టుకొని పొద్దున లేస్తది?

ఆపరేషన్ అయింది. కట్టు విప్పేనాడు నేను కొత్త చీర కట్టిన. తల నున్నగ దువ్వి పూలు పెట్టుకున్న. పెండ్లిచూపులకు గూడ అంత ముస్తాబు కాలేదు. మా ఆయన చూసి నవ్విండు. నవ్వితె నవ్వనీ, నాకు సిగ్గయితున్నా ఆశ ఆగుతలేదు. పోయి మా అత్త ముందట నిలబడ్డ.

నర్సమ్మ కట్టు విప్పింది. మా అత్త రెప్పలు కొట్టింది.

"ఏం కనపడుతుందమ్మా?"

"వెలుగు."

"ఎదురుంగ ఎవరున్నరు?"

మా అత్త చెయ్యి చాపి గాలిల వెతికింది. డాక్టరు లైటు పెట్టి చూసి చూసి, నరం ఎండిపోయింది, ఇంతకంటె రాదు అన్నడు.

నేను బయటికొచ్చి ఏడ్చిన. బస్సెక్కినంక ఏడుపు కోపమయింది. దేవుని మీద కోపం, తిన్నోళ్ల మీద కోపం, ఆఖరికి ఆ కోళ్ల మీద గూడ. మా అత్త మాత్రం కిటికీ దిక్కు మొఖం పెట్టుకొని, దారిల చెట్లు పోతుంటె "నీడ... వెలుగు... మళ్ల నీడ" అనుకుంట చిన్నపిల్ల లెక్క సంబరపడ్డది.

ఆదివారం మందిరానికి పోవద్దన్న. "నువ్వు చెయ్యి పట్టకపోతె కట్టె పట్టుకొని పోత" అన్నది. ఇంకేం జేస్త, తీసుకపోయిన. సాక్ష్యాలు మొదలయినయో లేదో, లేచి నిలబడ్డది. అందరు తలలు వంచుకున్నరు.

"పొద్దు పొడిసేది తెలుస్తుంది. గుమ్మంల మనిషి అడ్డమొస్తె తెలుస్తుంది. స్తోత్రం. కోడలి మొఖం ఇంకా రాలేదు. అయినా ఆనాడు చెప్పిన స్తోత్రం చెప్పినట్టే. వాపసు తీసుకోను" అని కూసున్నది.

ఇంటికి వచ్చే దారిల ఇగ నాకు ఆగలేదు. "మరి నా మొఖం ఎప్పుడు చూస్తవు? ఆ మాట ఏమాయె?"

"ఆడ, పైన చూస్త. నేను ముందు పోత గద. నువ్వు నిదానంగ రా, తొందరేం లేదు."

"ఆడ ఎంత మంది ఉంటరో ఏందో! ఎన్నడూ చూడని మొఖాన్ని ఎట్ల గుర్తుపడతవు?"

మా అత్త నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"నువ్వు తిట్టుకుంట రా పిల్లా, నేనే ఎదురొస్త."