చెల్లి అడిగిన మాట

నా చిన్నప్పుడు, చమురు డబ్బుతో దోహా చుట్టూ రోజుకో కొత్త గోడ లేస్తున్న రోజుల్లో, మేము ఆ ఊళ్ళోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో ఇంజనీరు. నాకు పదేళ్ళు, చెల్లికి ఆరు.

ఆ ఏడాది చెల్లికి జ్వరంతో పాటు ఒళ్ళంతా ఎర్రబడి, ఆవగింజలంతేసి చీము పొక్కులు లేచాయి. నాలుగు రోజులకు అవి ఎండి, చర్మం పొరలుగా రాలిపోయేది. తగ్గిందని అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టేది. వారం తిరక్కుండానే మళ్ళీ లేచేవి. ఇది అంటుకునేది కాదని, పిల్లల్లో చాలా అరుదని, ఎందుకొస్తుందో తమకే సరిగ్గా తెలియదని ఆస్పత్రిలో చెప్పారు. అయినా ఇరుగుపొరుగు పిల్లలు మా గడప తొక్కడం మానేశారు. నిజం చెప్పాలంటే, నేనూ దాని పక్కన పడుకోవడం మానేశాను.

"నాకు తగ్గుతుందా?" అని చెల్లి కనబడినవాళ్ళందరినీ అడిగేది. రేపటికల్లా తగ్గిపోతుందనేవాళ్ళం అందరం. రేపు వచ్చేది, పొక్కులూ ఉండేవి. పోనుపోను చెల్లి నొప్పని చెప్పడం కూడా మానేసింది.

మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళే కంపెనీ డ్రైవరుది జగిత్యాల వైపు పల్లె. మామయ్యా అని పిలిచేవాళ్ళం. సీటు కాలుతుందని తన తువ్వాలు తడిపి పరిచి, చెల్లిని తనే ఎత్తి కూర్చోబెట్టేవాడు. ఒకరోజు అది ఆయన్నీ అడిగింది. తగ్గుతుందని చెప్పమని అమ్మ వెనకనుంచి సైగ చేస్తూనే ఉంది.

"నాకు తెల్వదు బిడ్డా. డాక్టర్లకే తెల్వకపాయె. ఇప్పుడు ఏడ నొస్తుందో చెప్పు" అన్నాడాయన.

చెల్లి ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చంక, మెడ వెనక, వేళ్ళ సందులు ఒక్కొక్కటే చూపించింది. అక్కడ అంత నొప్పి ఉందని రోజూ మందు పూసే అమ్మకు కూడా అన్నాళ్ళూ తెలియదు. చూపిస్తూ చూపిస్తూ ఏడ్చింది. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది. నేను వెళ్ళి దాని పక్కన పడుకున్నాను.

వేసవి ముదిరాక లేచిన పొక్కులు మాత్రం ఎండలేదు. జ్వరమూ దిగలేదు. ఆస్పత్రి మంచం దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగింది, "అక్కా, నాకు తగ్గుతుందా?" ఏమనాలో నాకు తెలుసు. మామయ్య అనగా విన్నాను.

అయినా, "తగ్గిపోతుందే" అన్నాను.

చెల్లి గోడవైపు తిరిగింది. మూడో రోజున పోయింది.

ఇప్పుడు జబ్బుతో పడుకున్నవాళ్ళ దగ్గర కూర్చుంటే, తగ్గిపోతుందని అనను. ఎక్కడ నొప్పిగా ఉందని అడుగుతాను. వాళ్ళు చెబుతారు కూడా. ఆస్పత్రిలో ఆరోజు చెల్లికి ఎక్కడ నొప్పిగా ఉండిందో మాత్రం నాకు తెలియదు.