జంట ఫోటోలో ముసలాయన

2021లో మంచిర్యాలలోని నా ఫోటో స్టూడియోకు చెన్నూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు రాజవ్వ. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. సంచిలోంచి అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు ఫోటో తీసి కౌంటర్ మీద పెట్టింది. అందులో విమానం పక్కన, హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతున్న యువకుడు.

"మా ఆయన. డెబ్బై ఒకటి యుద్ధంల విమానం నడుపుకుంట సముద్రం మీదికి పోయిండు, మల్ల రాలే. మునిగిందన్నరు గని మనిషిని తెచ్చి చూపెట్టలే. పెండ్లయి ఆరు నెలలే. ఇద్దరం కలిసి దిగిన ఫోటో ఒక్కటి లేదు కొడుకా. జర మమ్ముల పక్కపక్కన కూసోవెట్టు."

వేర్వేరు ఫోటోల్లోని మనుషుల్ని ఒకే ఫోటోలోకి తేవడాన్ని మేము కాంపోజిట్ అంటాం. మా దగ్గర పోయినవాళ్లకు ఇలా చేయించి గోడకు పెట్టుకోవడం మామూలే. ఎన్నో జంటల్ని కలిపానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆమెను కూర్చోబెట్టి ఫోటో తీశాను. ఆమె వెళ్లాక, పక్కన ఆయన్ని చేర్చి చూస్తే తల్లీకొడుకుల్లా ఉన్నారు. అది ఆమె చేతికి ఎలా ఇవ్వను?

ఏజింగ్ అని, మొహానికి వయసు పెంచే సాఫ్ట్‌వేర్ ఉంది. దానితో ఆయన వయసుకు యాభై ఏళ్లు కలిపాను. జుట్టు తెల్లబడింది, బుగ్గలు జారాయి, నవ్వు మాత్రం అదే. ఆమెను ఒక్క మాట అడగలేదు. నేను చేసిన తప్పు అదే.

వారం తర్వాత వచ్చి చూసింది.

"గీ ముసలాయనెవలు?"

"మీ ఆయనే అవ్వా. ఇప్పుడుంటే గిట్లుంటుండె."

ఆమె ఆ తెల్లజుట్టును వేలితో తడిమింది. నేనేమో మెచ్చుకుంటుందని చూస్తున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"యాభై ఏండ్ల సంది బస్సు దిగినోళ్లందరి మొఖాలు చూస్తున్న కొడుకా. గా పిలగాని మొఖమే దేవులాడిన. ముసలోళ్ల దిక్కు సూడనే లేదు." ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "గిట్లనే వచ్చి, నేను గుర్తువట్టక తిరిగిపోయిండేమో?"

"తీసేస్తా అవ్వా, పాత మొఖమే పెడతా," అన్నాను.

"గోడకైతే గా పిలగాణ్నే పెట్టు. నవ్వెటోళ్లు నవ్వుతరు. గీ ముసలాయనది పాస్‌పోర్టు సైజుల ఒక్కటియ్యి. సంచిల పెట్టుకుంట."

రెండూ ఇచ్చి, బస్సు ఎక్కిద్దామని స్టాండుదాకా వెంట వెళ్లాను. చెన్నూరు బస్సు వచ్చినా ఆమె వెంటనే ఎక్కలేదు. చిన్న ఫోటో చేతిలో పట్టుకుని, దిగుతున్న ముసలివాళ్లను ఒక్కొక్కరినే చూసింది. నేనూ చూశాను.

అప్పటినుంచి పాత ఫోటోతో ఎవరొచ్చినా, మౌస్ ముట్టుకోకముందే ఒకటి అడుగుతాను.

"గీ మనిషి పోయిండా, ఇంక రావాల్నా?"