మేస్టారింటికి చేరని నోటీసు

పన్నెండేళ్ళుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని వల్ల ఒక మనిషి దవడ విరిగింది. కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. కొట్టినవాళ్ళు వేరే. కొట్టడానికి కారణం ఇచ్చినదాన్ని నేను.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నోటితో చెప్పలేను, రాద్దామంటే అక్షరం రాదు అని సరిపెట్టుకున్నాను. నలభై అయిదు దాటాక అక్షరాలు వచ్చాయి. ఆ సాకు పోయి కూడా చాలా కాలమైంది. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసిన మొహం ముందు ఈ మాట రాదు.

మా ఊరు రాజమండ్రికి దిగువన, పెద్ద కాలవ గట్టున ఉంటుంది. దొరల కాలంనాటి క్లబ్బు ఒకటి ఉండేది. టెన్నిస్ కోర్టు, పేకాట గది, బిలియర్డ్స్ బల్ల, వెనకాల పనివాళ్ళకు రెండు గదుల పెంకుటిల్లు. మెంబర్లు మిల్లుల వాళ్ళు, ప్లీడర్లు, డాక్టర్లు, ఒకరిద్దరు మేస్టర్లు. మా ఆయన అక్కడ అటెండరు. ఆయన పోయాక సెక్రటరీ గారు ఆ పని నాకిచ్చారు. పెంకుటిల్లు ఖాళీ చెయ్యమనలేదు. ఊడవడం, మంచినీళ్ళు అందించడం, నోటీసు పుస్తకం తిప్పడం నా పనులు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. క్లబ్బులో ఖర్చు గానీ, కట్టడం గానీ, అమ్మకం గానీ ఏది తలపెట్టినా నల్ల అట్ట పుస్తకంలో రాసేవారు. కింద మెంబర్ల పేర్లు, పక్కన సంతకాలకు గళ్ళు. దాన్ని చంకన పెట్టుకుని నేను ఇల్లిల్లూ తిరగాలి. చదివి సంతకం పెడతారు. ఎవరైనా తీసుకోనంటే నేనొచ్చి ఆ మాట చెప్పాలి. సెక్రటరీ గారు ఆ గడిలో ‘తిరస్కరించారు’ అని రాస్తారు. తిరస్కరించినా తెలిసినట్టే. కానీ పుస్తకం ఒక్క గుమ్మానికి చేరకపోయినా ఆ మీటింగు చెల్లదు. అది వాళ్ళ రూలు. అంటే అంత పెద్దవాళ్ళ వ్యవహారమంతా చదువురాని నా నోటిమాట మీద నిలబడి ఉండేది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. అందుకే పుస్తకం చంకలో ఉన్న రోజు కాస్త తల ఎత్తుకుని నడిచేదాన్ని.

మేస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఇల్లు కాలవకి అవతల. నీళ్ళని ఆపే లాకుల తలుపుల మీదుగా దాటి మైలు నడవాలి. మిగతావాళ్ళు సంతకం గీకి పంపేసేవారు. ఈయన నన్ను అరుగు ముందు నిలబెట్టి నోటీసంతా పైకి చదివేవారు. ఒక్కో ముక్క దగ్గరా ఆగి, “ఏంటమ్మా, అర్థమైందా?” అనేవారు. నాకెందుకు అర్థం కావాలి? వీధిన పోయేవాళ్ళు చూసేవారు. ఒకసారి అన్నారు, “రోజూ చంకన మోస్తున్నావు, లోపలేముందో తెలుసుకోవద్దూ? గాడిద గంధపు చెక్కలు మోసినట్టుంది నీ పని.” నవ్వుతూనే అన్నారు. పాలు పొయ్యడానికి వచ్చినావిడ కూడా నవ్వింది.

నాకు ఆ పుస్తకం ఎత్తి ఆయన నోటి మీద కొట్టాలనిపించింది. దాచకుండా రాస్తున్నాను. అట్ట అంచు పళ్ళకి తగలాలి, పెదవి చిట్లాలి, చొక్కా మీద రక్తం కారాలి అని దారి పొడుగునా ఊహించుకుంటూ నడిచాను. ఇంటికొచ్చి అన్నం వార్చేటప్పుడు కూడా అదే ఊహ. అందులో ఏదో రుచి ఉంది.

కాలవలకి కొత్తగా నీళ్ళొదిలిన వారం అది. పుస్తకంలో కొత్త నోటీసు రాశారు. అన్ని ఇళ్ళూ తిరిగాను. చివరికి మేస్టారిల్లు మిగిలింది. లాకుల దాకా వెళ్ళాను. తలుపుల సందుల్లోంచి ఎర్రనీళ్ళు దూకుతున్నాయి. మెట్ల మీద కూర్చున్నాను. వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు కూర్చుని వెనక్కి వచ్చేశాను. సెక్రటరీ గారు ఖాళీ గడి చూసి మేస్టారేమన్నారని అడిగారు. తీసుకోనన్నారని చెప్పాను. ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, కలం తీసి రాసేశారు. ఆయన నన్ను అబద్ధం చెప్పమనలేదు. మేస్టారు రాకపోతే మీటింగులో అడ్డుపడేవాళ్ళుండరు, అది ఆయనకు పనికొచ్చింది, అంతే. తప్పు ఆయన మీదకి తొయ్యాలని చాలాసార్లు చూశాను. పోలేదు.

మీటింగు ఆదివారం పొద్దున. ఎవరి నోటనో విని మేస్టారు సైకిలు మీద వచ్చారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. నేను నీళ్ళ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను.

“నాకు నోటీసు రాలేదు. ఈ మీటింగు చెల్లదు,” అన్నారు.

“వచ్చింది మేస్టారూ. మీరే పొమ్మన్నారంట,” అన్నాడు మిల్లు ఓనరు గారి తమ్ముడు. బిలియర్డ్స్ కర్ర కొసకి సుద్ద రాసుకుంటున్నాడు. “లెక్కల మేస్టారికి లెక్క తప్పినట్టుంది పాపం.”

అందరూ నవ్వారు. మేస్టారు నవ్వలేదు. నన్ను చూపించారు.

“అదిగో, ఆవిణ్ణి అడగండి. ఆవిడ అబద్ధం చెప్పదు.”

సెక్రటరీ గారు నా వైపు తిరిగారు. “ఏమ్మా, వెళ్ళేవా మేస్టారింటికి?”

“ఆయ్. వెళ్ళేనండి.”

“పుస్తకం ఇచ్చేవా?”

“ఇచ్చేనండి. ముట్టుకోలేదండి.”

అక్కడితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ఎవరూ అడగనిది ఎందుకు చేర్చాను?

“విసిరి కొట్టేరండి. ఈ దొంగల పుస్తకం నా గుమ్మం తొక్కకూడదన్నారండి.”

“అమ్మా, నా మొహం చూసి చెప్పు,” అన్నారు మేస్టారు.

“చూసే చెబుతున్నానండి,” అన్నాను, ఆయన చెప్పుల వంక చూస్తూ.

“ఎవడ్రా దొంగ?” అన్నాడు ఓనరు తమ్ముడు.

మేస్టారు బల్ల మీది పుస్తకం కోసం చెయ్యి చాపారు, సంతకం లేదని చూపించడానికి. మొదటి దెబ్బ ఆ మణికట్టు మీదే పడింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. రెండోది దవడ మీద. ఆయన బల్లకి కొట్టుకుని పడ్డారు. లేవబోయారు. ఇంకో ఇద్దరు వచ్చారు. బూటుకాలుతో డొక్కలో తన్నారు, మెడ పట్టి నేలకి అదిమారు. ఓనరు తమ్ముడు అదే చేతి మీద మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, కర్ర విరిగేదాకా. మిగిలిన ముక్కతో తల మీద కొట్టాడు. మేస్టారి నోట్లోంచి మాట రావడం లేదు. బుడగలు వస్తున్నాయి, ఎర్రగా. ఆ బుడగల మధ్యలోంచి ఆయన నన్నే చూస్తున్నారు.

“ఆపండి, నేను అసలు వెళ్ళలేదు” అంటే చాలు. ఆగేవారు. ఆగకపోయినా నేను అన్నదాన్నయ్యేదాన్ని. అనలేదు. ఉద్యోగం పోతుందని, పెంకుటిల్లు పోతుందని భయం. అది సగమే. నా లోపల ఒక మూల చల్లగా ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఆ చల్లదనం ఎంతసేపుందో నాకు తెలుసు. ఆయన్ని రిక్షాలో పడేసి తీసుకెళ్ళేదాకా ఉంది.

తరవాత ఆ నేల కడిగింది నేనే. మూడు బకెట్ల నీళ్ళు పట్టాయి. చీపురులో ఒక పన్ను దొరికింది. కొంగున కట్టుకుని కాలవ దాకా వెళ్ళి పారేశాను.

పోలీసులు అడిగితే అదే చెప్పాను. వేలిముద్ర వేశాను. గొడవ మేస్టారే మొదలుపెట్టారని రాసుకున్నారు. కేసు నిలవలేదు. మీటింగు చెల్లింది. ఆయన మళ్ళీ బోర్డు మీద సుద్దముక్క పట్టలేకపోయారు.

నెల తిరక్కుండా గునపాలతో మనుషులొచ్చి నా పెంకుటింటి గోడలు పొడవడం మొదలెట్టారు. నేను ఏడుస్తూ క్లబ్బు గుమస్తా దగ్గరికి పరిగెత్తాను. ఆయన వింతగా చూశాడు. “నోటీసులో ఉందిగా, మూడో ముక్క. వెనకాల స్థలం అమ్మేసి ఇల్లు తీసేస్తామని. నువ్వే కదమ్మా ఇల్లిల్లూ తిప్పేవు?”

మేస్టారు పైకి చదివి ఉండేవారు. మూడో ముక్క దగ్గర ఆగి, అర్థమైందా అని అడిగి ఉండేవారు. బహుశా ఆయన ఆ మీటింగుకి వచ్చింది నా ఇంటి కోసం కొట్లాడడానికేనేమో. ఈ ఆలోచన వచ్చిన రోజు నా తల గోడకేసి కొట్టుకున్నాను. నొప్పి తప్ప ఏమీ దొరకలేదు.

కొన్నేళ్ళకి మేస్టారి భార్య, మేమంతా టీచరమ్మ గారనేవాళ్ళం, మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారని తెలిసింది. అదే అరుగు మీద. నేను వెళ్ళాను. చదువు కోసమా, శిక్ష కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేను. మేస్టారు లోపల కుర్చీలో ఉండేవారు. దవడ ఒక పక్కకి ఒరిగిపోయింది. మాట ముద్దగా, ఎవరికీ అర్థం కాకుండా వచ్చేది. ఎడంచేత్తో రాయబోతే పిచ్చిగీతలే పడేవి. ఆయనకు నేనెవరో తెలుసు. నేనేం చేశానో ఆ ఇంట్లో ఆయన ఒక్కరికే తెలుసు. నోటీసు తిరిగిన రోజు టీచరమ్మ గారు ఊళ్ళో లేరు, అందరిలాగే నా మాట నమ్మారు.

వారం రోజులు చూస్తూ ఊరుకున్నారు. ఎనిమిదో రోజు కుర్చీలోంచి లేచి వచ్చి, నా చేతిలో పలకని ఎడంచేత్తో లాక్కుని నా తల మీద కొట్టారు. పలక ముక్కలైంది. నుదురు చిట్లింది. మళ్ళీ కొట్టబోతే టీచరమ్మ గారు అడ్డం పడ్డారు. నా రక్తం తన కొంగుతో తుడుస్తూ, “ఏమీ అనుకోకమ్మా. ఆ దెబ్బల తరవాత ఆయనకి మనుషులు తెలియడం లేదు,” అన్నారు.

“పర్లేదండి,” అన్నాను.

ఆయనకి మనుషులు బాగా తెలుసని నేను చెప్పలేదు. భర్తని పిచ్చివాడనుకోనిచ్చాను. అది రెండో తప్పు. మొదటిదాని కన్నా చిన్నదేం కాదు. రెండేళ్ళకి ఆయన పోయారు. నేను చదువు మానలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దిద్దించారు. ఇప్పటికీ పండక్కి పులిహోర పంపిస్తారు.

ఆవిడకి చెప్పే ధైర్యం నాకింకా లేదు. వస్తుందని మాట ఇవ్వను. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించే హక్కు ఉన్న మనిషి బతికి లేరు. ఒకటే రాస్తాను, ఆయన మొహం చూసి చెప్పమన్న జవాబు. ఆ రోజు నేను మీ ఇంటికి రాలేదు మేస్టారూ. పుస్తకం మీకు చూపించలేదు. మీరు విసిరి కొట్టలేదు. దొంగలనే మాట మీది కాదు, నాది.

రాశాను. ఊపిరి లోపలిదాకా వెళ్ళి వస్తోంది.