అమ్మ కింది ఎర్రమన్ను

మా మిల్లు లైను ఇళ్ళ వెనక వాగు వంపు తిరిగేది. నీళ్ళు మా వైపు ఒడ్డును కొరికి, ఆ మన్నంతా మోసుకెళ్ళి దిగువన అవతలి గట్టున మేట వేసేవి. అక్కడ మిల్లు యజమాని తోట. ఏటా కాస్త పెరిగేది. "నీళ్ళకు గూడా ఉన్నోళ్ళంటేనే ఇష్టం" అనేది మా అవ్వ. మా వాళ్ళను పాతిపెట్టుకోవడానికి మిల్లువాళ్ళు వదిలింది మాత్రం ఆ కోసుకుపోయే ఒడ్డునే.

మా అమ్మనూ అక్కడే పాతిపెట్టారు. మిల్లులో దూది దుమ్ము పీల్చి పీల్చి, దగ్గుతూనే పోయింది. నాకప్పుడు పదేళ్ళు. ఆదివారం వస్తే నాయన వెళ్ళి ఆమె తలవైపు రాళ్ళు సర్ది వచ్చేవాడు. ఎండకూ వానకూ అవీ పెచ్చులూడేవి. మళ్ళీ కొత్తవి పెట్టేవాడు.

మారియమ్మ పండుగ ముందు గోడలకు ఎర్రమన్ను పూయడం మాలో ఆడవాళ్ళ పని. అమ్మ పోయాక అది నా నెత్తిన పడింది. ఒడ్డు పైపొర గులకరాళ్ళతో గట్టిపడిపోయింది, గడ్డపార దిగదు. అడుగున మన్ను మెత్తన. నాకు ఒళ్ళు వంగదు. అడుగునే తవ్వాను. నాలుగు గంపలు తీసేసరికి మనిషి దూరేంత బొరియ అయింది. పైన ఎవరున్నారో తెలుసు. పైపొర అంత గట్టిగా ఉందిగా, ఏమవుతుందిలే అనుకున్నాను.

ఐప్పసి నెల వానలకు వాగు పొంగి ఆ బొరియలో దూరింది. నాయన పగటి షిఫ్టు దిగి వచ్చేసరికి ఒడ్డు విరిగిపడి ఉంది. రాళ్ళూ లేవు, అమ్మా లేదు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను తీసిన గోతిలో మా అమ్మ పడింది.

"మళై శానా వచ్చిండాది నైనా" అన్నాను, తప్పు వాన మీదికి నెడుతూ, ఆయన మొహం చూడకుండా.

"అవును పాపా, మళైనే" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు దిగువ ఇసుకమేటలో కర్రతో కెలుకుతూ తిరిగాడు. తోట కాపలావాడు తరిమేవాడు. ఏమీ దొరకలేదు.

మరుసటి పండుగకు నేను గంప తీస్తే నాయన చేయి అడ్డం పెట్టాడు.

"గోడకు కొత్త మన్ను వద్దు పాపా."

"ఏంటికి నైనా? పండగ కద?"

"పోయిన తడవ పూసినావే, అది మీ అమ్మ కింద మన్ను. అదన్నా ఉండనీ."

ఆయనకు మొదటినుంచీ తెలుసు. నాలుగు తన్ని ఉంటే బతికిపోయేదాన్ని.

ఆ ఏడు వానకు బయటి గోడ ఎర్రగా కారడం మొదలుపెట్టింది. నాయన గోనెపట్టాలు అడ్డం కట్టసాగాడు. నేనూ ఒక కొస పట్టుకున్నాను. పట్టా కింద నుంచి కారుతూనే ఉంది.